ఆ గౌన్లలో ముంబయి సూది!

పారిస్‌లోని అవెన్యూ మాంతేన్, 30వ నంబరు భవనం. క్రిస్టియన్ డియోర్ తన తొలి దుస్తుల్ని 1947 ఫిబ్రవరి 12న చూపించింది ఇక్కడే. యుద్ధం పుణ్యమా అని గుడ్డకి కరవొచ్చిన రోజులవి. గజాలకొద్దీ బట్టతో కుట్టిన ఆ గౌన్లు చూసి కొందరు మురిసిపోతే, కొందరు మండిపడ్డారు.

2022లో అదే చోట ‘గ్యాలరీ డియోర్’ తెరిచారు. టికెట్టు కొని లోపలికెళితే... మెట్ల పక్కన గోడంతా రంగురంగుల బుల్లి గౌన్లూ టోపీలూ చెప్పులే! ఒక గది మాత్రం తెల్లగా ఉంటుంది. ఖరీదైన బట్టమీద కత్తెర పెట్టేముందు మామూలు నూలుగుడ్డతో కుట్టి చూసుకునే నమూనాలవి. ఒక్కో గౌను వెనక ఎంత పని ఉంటుందో అక్కడే తెలుస్తుంది.

ఆ పనిచేసే చేతులన్నీ పారిస్‌వే కావు. మనం మగ్గం వర్క్ అంటామే, అలాంటి ఎంబ్రాయిడరీని డియోర్ దుస్తులకు ముంబయిలోని చాణక్య సంస్థ పనివారూ చేశారు. పేరు మాత్రం డియోర్‌దే! 2023 మార్చి 30న గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర డియోర్ ఫ్యాషన్ షో జరిగింది. ప్రముఖులంతా తలెత్తి చూసిన భారీ తోరణం ఆ పనివారు కుట్టిందే.

అద్దాల వెనకున్న గౌనుని చూసి ‘ఎంత బాగుందో’ అనడం మామూలే. ‘ఎవరు కుట్టారో’ అని కూడా అడిగితే... ఆ సూదికీ కాస్త గుర్తింపు దక్కుతుంది!