మీకు తెలుసా? బాంబుల ఊళ్లో బడిపిల్లల అల్లరి

ఉత్తర ఐర్లాండ్‌లో 'డెర్రీ గర్ల్స్' సీరియల్‌లో వాడిన ఒక నల్లబల్లను బెల్‌ఫాస్ట్‌లోని అల్‌స్టర్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు! సీరియల్‌లోని ఒక సన్నివేశంలో క్యాథలిక్, ప్రొటెస్టెంట్ పిల్లలను ఒకచోట కూర్చోబెట్టి, మీలో ఒకేలా ఉన్నవేంటో చెప్పమంటాడు చర్చి ఫాదర్. పిల్లలు తేడాలే ఏకరువు పెడతారు. ప్రొటెస్టెంట్లు టోస్టర్‌ను అల్మారాలో దాస్తారట! బల్ల నిండిపోతుంది.

సీరియల్ రచయిత్రి లీసా మెగీ కథ జరిగే డెర్రీ ఊళ్లోనే పెరిగారు. 2018 నుంచి 2022 దాకా బ్రిటన్ టీవీ ఛానల్ 4లో మూడు సీజన్లు వచ్చాయి. కథాకాలం ఆ రెండు వర్గాల మధ్య ఘర్షణలు సాగిన 1990లు. వంతెన మీద బాంబు ఉందని తెలిస్తే, పిల్లలు బడికి పోకుండా ఇంట్లోనే ఉంటారేమోనని తల్లి బెంగ. ఏ ఊరి తల్లయినా అంతే కదా! ముగింపు మాత్రం 1998 శాంతి ఒప్పందంపై జరిగిన ఓటింగ్‌తో.

మన దగ్గర 2024లో ఈటీవీ విన్‌లో వచ్చిన ఆదిత్య హాసన్ సిరీస్ '90స్' ఆనాటి మధ్యతరగతి బాల్యాన్ని చక్కగా చూపింది. అయితే అది ఇంటి ముచ్చట. తెలంగాణ ఉద్యమకాలపు బాల్యం కాదు. ఆ ఉద్యమంలో భాగంగా 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు సాగింది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. అప్పుడు మేడ్చల్, శామీర్‌పేటల్లో పదో తరగతి చదివినవాళ్లకు ఇప్పుడు ముప్పై దాటుతోంది. నవ్విస్తూ ఆ కథ చెప్పగలవాళ్లు వాళ్లే. రాయండి మరి!