కత్తికి కోణం ఎందుకు? పదును ఎలా?

వంటింట్లో కత్తి మొద్దుబారిన సంగతి ముందుగా టమాటా చెబుతుంది. తొక్క తెగదు, లోపలికి నొక్కుకుపోతుంది, రసమంతా పలక మీదికి కారుతుంది. దీనికి విరుగుడుగా ఈమధ్య చాలామంది ఆన్‌లైన్‌లో ఒక పరికరం తెప్పించుకుంటున్నారు. కత్తిని బిగించే క్లాంపు, ఓ సన్నటి కడ్డీ, ఆ కడ్డీకి తగిలించే మూడు నాలుగు రాళ్లు. దీన్ని గైడెడ్ షార్పెనర్ అంటున్నారు. పెట్టెలో వచ్చే కాగితంలో బొమ్మలే తప్ప ఎందుకు, ఎలా అన్నది ఉండదు. కొన్నవాళ్లకూ కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకూ వచ్చే సందేహాలు ఒక్కొక్కటే చూద్దాం.

చేత్తోనే సాన పట్టొచ్చు కదా, ఈ హంగామా దేనికి?

పట్టొచ్చు. చెయ్యి తిరిగినవాళ్లకు ఈ పరికరంతో పనే లేదు. తిరగని చేతికే ఇది.

కత్తి అంచు అంటే రెండు పక్కల నుంచి దిగే రెండు వాలులు కలిసే గీత. ఆ గీత ఎంత సన్నగా ఉంటే అంత పదును. తలవెంట్రుక మందం 50 నుంచి 100 మైక్రాన్లు ఉంటే, బాగా నూరిన కత్తి అంచు మందం ఒక మైక్రాన్ లోపే. అంత సన్నటి చోటును చేత్తో నూరేటప్పుడు మణికట్టు ఊగడమే అసలు ఇబ్బంది. పదిసార్లు 20 డిగ్రీల్లో సరిగ్గా లాగారనుకుందాం. పదకొండోసారి కత్తి వెన్ను కాస్త లేచి 26 డిగ్రీలైంది. ఆ పదిసార్లు పడిన కష్టంతో తేలిన గీతను ఈ ఒక్కసారి గుండ్రం చేసేస్తుంది. ఎప్పుడు కోణం ఎక్కువైతే అప్పుడు రాయి తాకేది సరిగ్గా ఆ గీతనే. ‘ఎంత నూరినా మెరుస్తోంది గానీ తెగడం లేదు’ అని విసుక్కునేవాళ్ల కత్తులకు జరిగేది ఇదే.

ఎంత లేస్తే అంత తేడా వస్తుంది? నాలుగు సెంటీమీటర్ల వెడల్పున్న కత్తిని రాయి మీద 20 డిగ్రీల్లో పట్టాలంటే వెన్ను సుమారు 13.7 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. 15 డిగ్రీలకైతే 10.4 చాలు. అంటే మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే 5 డిగ్రీలు మారిపోతాయి. చేత్తో పట్టి ఆ మూడు మిల్లీమీటర్లు కదలకుండా చూడటం కొత్తవాళ్ల వల్ల కాదు. ఆ ఒక్క పనిని కడ్డీ మోస్తుంది. మిగతావన్నీ మీరు చేయాల్సినవే, ఇది మాత్రం ముందే తెలుసుకోవాలి.

కడ్డీ కోణాన్ని ఎలా నిలబెడుతుంది?

గోడకు ఆనించిన నిచ్చెనను తలుచుకోండి. కడ్డీ వెనక చివర దూరే రంధ్రం నిచ్చెన పైకొస, కత్తి అంచు దాని కాళ్లు. రంధ్రం ఎత్తు, అక్కడి నుంచి అంచుకున్న దూరం, ఈ రెండూ మారనంతసేపూ వాలు మారదు. అమెరికాలోని బఫెలో నగరంలో 1979లో మొదలైన లాన్‌స్కీ కంపెనీ క్లాంపులో ఒకదాని మీద ఒకటిగా నాలుగు రంధ్రాలుంటాయి: 17, 20, 25, 30 డిగ్రీలు. కోణం మార్చాలంటే కడ్డీని ఇంకో రంధ్రంలోకి మార్చడమే. ఆరెగాన్ రాష్ట్రంలోని హుడ్ రివర్‌లో బెన్ డేల్ తయారుచేసిన ఎడ్జ్ ప్రోలో రంధ్రాలు లేవు. ఒక స్తంభం మీద కడ్డీ ఆధారాన్ని పైకీ కిందికీ జరుపుకోవాలి, కత్తి బల్ల మీద పడుకుని ఉంటుంది. తక్కువ ధరకు దొరికే రుయిషిన్ అనే చైనా సెట్టు దీన్ని చూసి చేసిందే. వర్క్ షార్ప్ ప్రెసిషన్ అడ్జస్ట్‌లో 15 నుంచి 30 డిగ్రీల దాకా తిప్పుకోవచ్చు. కత్తిని విప్పకుండానే క్లాంపును తిరగేసి రెండోవైపు నూరుకోవచ్చు. నేను చూసినంతలో కొత్తవాళ్లకు ఈ తిరగేసే రకమే సుఖం.

నిచ్చెన లెక్కలోనే ఒక చిక్కు కూడా ఉంది. పైకొస అదే ఎత్తులో ఉండగా కాళ్లు దూరం జరిగితే వాలు తగ్గిపోతుంది. వెడల్పాటి కత్తి బిగిస్తే అంచు దూరం జరిగినట్టే. 20 అని రాసి ఉన్న రంధ్రంలో కడ్డీ పెట్టినా అసలు కోణం అంతకంటే తక్కువే వస్తుంది. స్తంభం రకంలో రాయి మందం కూడా లెక్కలోకి వస్తుంది. ఆధారానికీ అంచుకూ 20 సెంటీమీటర్ల దూరం ఉన్నప్పుడు మూడు మిల్లీమీటర్లు మందమైన రాయి మారిస్తే దాదాపు 1 డిగ్రీ తేడా. కంగారు పడాల్సిందేమీ లేదు. అంకె ఎంతన్నది కాదు, ప్రతిసారీ అదే కోణం రావడం ముఖ్యం. పావు డిగ్రీ కోసం డిజిటల్ కొలమానాలు కొనేవాళ్లున్నారు గానీ, ఉల్లిపాయకు ఆ తేడా తెలియదు.

కత్తిని ఎక్కడ బిగించాలి? మొన దగ్గర వాలు వెడల్పుగా వస్తోంది ఎందుకు?

అంచు తిన్నగా ఉన్నంత మేరా రాయి ఏ చివరికి వెళ్లినా కోణం మారదు, ఎందుకంటే కడ్డీ రంధ్రం, తిన్నని అంచు, రెండూ ఒకే తలంలో ఉంటాయి. చిక్కంతా మొన దగ్గర వంపు తిరిగే చోటే. క్లాంపును పిడి వైపు మరీ వెనక్కి బిగిస్తే మొన దూరమై అక్కడ కోణం తగ్గుతుంది, వాలు వెడల్పవుతుంది. మరీ మొన దగ్గర బిగిస్తే కోణం పెరిగి వాలు సన్నబడుతుంది. చాలా వంటింటి కత్తులకు మధ్య నుంచి కొంచెం మొన వైపు జరిపి బిగిస్తే రెంటికీ మధ్యస్థంగా కుదురుతుంది.

సరైన చోటు దొరికాక వెన్ను మీద చిన్న టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకోండి. పిడి నుంచి ఎన్ని సెంటీమీటర్లు, ఎన్నో రంధ్రం అన్నది వంటింటి క్యాలెండర్ వెనకాల రాసుకున్నా సరే. రెండోసారి నుంచి పని పదోవంతు అయ్యేది ఈ గుర్తు వల్లే.

వంటింటి కత్తులు వెన్ను నుంచి అంచుకు పలచబడుతూ వస్తాయి కాబట్టి క్లాంపు దవడల్లో కత్తి అటూ ఇటూ ఊగొచ్చు. దవడల మధ్య పలుచని తోలు ముక్కో రెండు పొరల టేపో పెట్టి బిగించండి. బిగించాక మొనను వేలితో మెల్లగా కదిపి చూడండి. కదిలితే విప్పి మళ్లీ బిగించాల్సిందే. ఆ ఊగే కత్తిని నూరితే ఒకవైపు ఒక కోణం, రెండోవైపు ఇంకో కోణం వస్తాయి.

ఏ కోణం పెట్టాలి?

ముందుగా ఒక మాట. కొందరు ఒక్కోవైపు కోణం చెబుతారు, కొందరు రెండు వైపులా కలిపి చెబుతారు. స్పైడర్కో షార్ప్‌మేకర్ మీద 30, 40 అని ఉంటుంది. అవి కలిపి చెప్పిన లెక్కలు, ఒక్కోవైపు 15, 20 అన్నమాట. ఇక్కడ నేను చెప్పేవన్నీ ఒక్కోవైపువి.

మన ఇళ్లలో ఉండే మామూలు స్టెయిన్‌లెస్ కత్తికి 20 పెట్టండి. ఆ ఉక్కు మెత్తన. 15కు నూరితే మొదటిరోజు గాలిలో ఎగిరే కాగితాన్ని కోస్తుంది, వారానికల్లా అంచు ఒక పక్కకు ఒరుగుతుంది. గట్టి ఉక్కుతో చేసే జపాన్ కత్తులకు 15 సరిపోతుంది. కోడి ఎముకలు కొట్టే కత్తికి 25కు తగ్గొద్దు.

కంపెనీ పెట్టిన కోణం ఎంతో తెలియకపోతే పర్మనెంట్ మార్కర్ పెన్ను తీసుకుని అంచు వాలుకు రెండు వైపులా నల్లగా పులమండి. సన్న రాయితో ఒకటి రెండుసార్లు తేలిగ్గా లాగి వెలుతురులో చూడండి. సిరా వాలు పైభాగంలో మాత్రమే పోయి అంచు దగ్గర నల్లగీత మిగిలితే మీ కోణం తక్కువైంది. అంచు దగ్గరే పోయి పైన మిగిలితే ఎక్కువైంది. వాలంతా ఒకేలా తెల్లబడితే కుదిరినట్టు. మొదటిసారికి ఉన్న కోణంతోనే వెళ్లడం మంచిది. 25లో ఉన్నదాన్ని 17కు దించాలంటే చాలా లోహం అరగాలి. ఆ అరగదీయడంలోనే చాలామందికి విసుగొచ్చి పెట్టె అటకెక్కుతుంది.

రాళ్లలో ఏది ముందు? ఎప్పుడు మార్చాలి?

మొత్తం పనిలో ఇదే గుండెకాయ, పొరపాట్లు జరిగేదీ ఇక్కడే.

రాళ్ల అంకెలు గరుకు కాగితం అంకెల్లాంటివే. 120 గరుకు, 280 నుంచి 320 దాకా మధ్యరకం, 600 సన్నం, 1000 ఆ పైన నునుపు. అంచు చిట్లి ఉంటే 120తో, ఊరికే మొద్దుబారితే 280 లేదా 320తో మొదలుపెట్టండి. రాతి బరువుకు మీ వేళ్ల బరువు కొంచెం చేరితే చాలు. వజ్రపు పలకల మీద అసలు నొక్కొద్దు. నొక్కితే పలకకు అంటుకున్న వజ్రపు రేణువులు ఊడిపోతాయి. కొత్త వజ్రపు పలక మొదట్లో లోతుగా గీరుతుంది, వాడగా వాడగా సర్దుకుంటుంది.

ఒకవైపు నూరుతూ ఉంటే కాసేపటికి లోహం పలచబడి అంచు దాటి రెండోవైపుకు ఒరుగుతుంది. లేతు పనివాళ్లు దీన్నే బర్ అంటారు. కంటికి సరిగ్గా ఆనదు. బొటనవేలి మెత్తని భాగాన్ని వెన్ను వైపు నుంచి అంచు దాటించి బయటికి తీస్తే సన్నగా గీరుకుంటుంది. వేలిని అంచు వెంట మాత్రం ఎప్పుడూ నడపొద్దు. వేలితో భయమైతే చిన్న దూదిపింజను అంచు మీదుగా మెల్లగా జార్చండి. బర్ ఉన్నచోట దూది పోగు చిక్కుకుంటుంది, లేనిచోట జారిపోతుంది. పిడి నుంచి మొనదాకా ఎక్కడ జార్చినా దూది పట్టుకునేదాకా మొదటి రాయిని వదలొద్దు. బర్ వచ్చిందంటే ఈ వైపు వాలు అంచుదాకా చేరిందని అర్థం. రాకపోతే వాలు ఇంకా అంచును తాకనే లేదు. అప్పుడు 1000 రాయి పెట్టినా తాకని అంచు పక్కన మెరుగు పెట్టినట్టే అవుతుంది. సామాన్యంగా మిగిలిపోయేవి రెండు చోట్లు: పిడి పక్కన అంగుళం మేర, చిట్టచివరి మొన.

ఒకవైపు మొత్తం బర్ లేచాక తిరగేసి రెండోవైపు కూడా అలాగే లేపండి. ఆ తర్వాత రాయి మార్చుకోవచ్చు. సన్న రాయితో అటు కొన్ని, ఇటు కొన్ని, పోనుపోను అటొకటి ఇటొకటి లాగుతూ బరువు తగ్గించుకుంటూ రండి. చివరి వరసలో రాయి తన బరువుతోనే, అంచు మీద నుంచి వెన్ను వైపుకు నడవాలి. బర్‌ను విరగ్గొట్టకుండా ఆపేస్తే కత్తి ఆ పూటకు అద్భుతంగా తెగి, మర్నాటికి మొద్దవుతుంది. ఆ పూట తెగింది అసలు అంచు కాదు, ఒరిగి నిలబడ్డ ఆ పలచటి రేకే.

నూనె వేయాలా, నీళ్లా?

మామూలు సాన రాయికి పలుచని నూనె వేస్తారు. కుట్టు మిషన్ నూనె చక్కగా పనిచేస్తుంది. వంటనూనెలు వద్దు, ఎండి జిగురై రాతి రంధ్రాలు పూడుకుపోతాయి. వజ్రం, సిరామిక్ రాళ్లకు ఏమీ అక్కర్లేదు. నల్లబడితే గిన్నెల సబ్బు, పీచుతో రుద్ది కడిగితే సరి.

ఎంత నునుపు దాకా పోవాలి? అయిందని ఎలా తెలుస్తుంది?

వంటింటికి 600 దగ్గర ఆగిపొమ్మంటాను. 600 వదిలే సన్నటి గరుకే టమాటా తొక్కను పట్టుకుని తెంపుతుంది. మెత్తటి ఉక్కును అద్దంలా మెరిపిస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ తొక్క మీద జారుతుంది. 600 తర్వాత పాత తోలు బెల్టు గరుకు వైపు మీద నాలుగైదుసార్లు దువ్వండి. తోలు మీద మాత్రం ఎప్పుడూ అంచును వెనక ఉంచి, వెన్నును ముందు నడిపించి లాగాలి. ఎదురు లాగితే తోలు తెగుతుంది.

పరీక్షకు కత్తిని అంచు పైకి వచ్చేలా దీపం కింద పట్టి మెల్లగా తిప్పుతూ చూడండి. పదునైన చోట ఏమీ కనబడదు, వెలుగును తిప్పికొట్టేంత మందం అక్కడ ఉండదు. మొద్దుగా ఉన్నచోట సన్నని తెల్లగీత మెరుస్తుంది, చిట్లినచోట చుక్క మెరుస్తుంది. ఎక్కడ మెరిస్తే అక్కడికి మళ్లీ రాయి. ఆ తర్వాత కాగితం, ఆఖరున టమాటా. కోతకు ముందు కత్తిని కడగడం మరవొద్దు, అంచు మీద ఉక్కు పొడి ఉంటుంది.

చెయ్యి తెగకుండా ఏం చేయాలి?

ఈ పరికరంలో కత్తి కదలదు, మీ చెయ్యి అంచు ముందు ఆడుతుంది. వేళ్లు రాతి పిడి వెనకే ఉండాలి. మొన దగ్గర రాయిని సగానికి మించి బయటికి పోనివ్వొద్దు. జారి పడితే మొన గుండ్రమవుతుంది, చెయ్యి అంచు మీదికి వస్తుంది. గాట్లు పడని గ్లోవు ఒకటి వేసుకోండి. మాట్లాడుతూ, టీవీ చూస్తూ చేసే పని కాదిది.

పదును ఎన్నాళ్లుంటుంది?

మీ కోత పలక మీద ఆధారపడుతుంది. గ్రానైట్ గట్టు మీద, స్టీలు పళ్లెంలో, గాజు పలక మీద కోస్తే ఒక్క పూటలో పోతుంది. చెక్క మీదో ప్లాస్టిక్ మీదో కోసి, తరిగిన ముక్కలను అంచుతో కాకుండా వెన్నుతో పక్కకు తోసుకుంటే చాలాకాలం నిలుస్తుంది. మధ్యలో తగ్గినట్టనిపిస్తే సన్న రాయితో రెండు మూడు వరసలు, తోలు మీద నాలుగు దువ్వుళ్లు చాలు. గరుకు రాయి దాకా వెళ్లక్కర్లేదు.

కత్తిపీటకు పనికొస్తుందా?

రాదు. వంకర తిరిగి పీటలో దిగేసి ఉన్న పలకను ఏ క్లాంపూ పట్టలేదు. సాన బండి వీధిలోకి వచ్చినప్పుడు ఇవ్వండి. లేదా పీటను కదలకుండా కాళ్ల కింద పట్టి, చేతిరాయిని అంచు వెంట కింది నుంచి పైకి నడపండి. పళ్లున్న బ్రెడ్ కత్తికి కూడా ఈ రాళ్లు పనికిరావు, దానికి వేరే సన్నటి గుండ్రటి కడ్డీలున్నాయి. ఇంట్లో ఉన్నది కత్తిపీట, దానికి తోడు ఒకే ఒక్క చిన్న కత్తి అయితే ఈ పరికరం కొనొద్దు, రెండు వైపులా గరుకున్న చేతిరాయి ఒకటి చాలు. మూడు నాలుగు కత్తులు రోజూ వాడే ఇల్లయితే కొనండి, కానీ మొదటి ప్రయోగం అన్నిటికంటే పాత కత్తి మీద చేయండి.