జేబు తుపాకి: ఎంపిక ఎవరిది?

మన దేశంలో జేబులో ఇమిడే తుపాకి ఒకటి కొనదలచిన పౌరుడు ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఒకటున్నది. ఏది కొనాలన్న నిర్ణయంలో అధికభాగాన్ని అతని తరఫున ప్రభుత్వం ఏనాడో చేసివేసింది. 1959 నాటి ఆయుధాల చట్టమూ, దాని కింద వెలువడిన నిబంధనలూ తుపాకులను నిషిద్ధమైనవి, అనుమతి గలవి అని రెండు తెగలుగా విడదీశాయి. 9 మిల్లీమీటర్ల పిస్తోలు, .455 రివాల్వరు వంటివి మొదటి తెగకు చెందినవి. అవి సామాన్యునికి దక్కవు. అతనికి మిగిలేది ముఖ్యంగా .32 బోరు, లేదా అంతకంటె చిన్నదైన .22.

సైన్యపు గిడ్డంగులనుంచి దొంగిలించిన తూటాలు పౌరుల తుపాకులలో పట్టకూడదన్నది ఈ విభజన వెనుక ఉన్న తెల్లదొరల ఆలోచన. లిట్టన్ ప్రభువు కాలంలో, 1878లో వచ్చిన ఆయుధాల చట్టం జాతినంతటినీ నిరాయుధం చేసిందని కాంగ్రెసు నాయకులు దశాబ్దాలపాటు నిరసించారు. 1931 కరాచీ కాంగ్రెసు ఆమోదించిన ప్రాథమిక హక్కుల తీర్మానంలో నిబంధనలకు లోబడి ఆయుధాలు కలిగివుండే హక్కు కూడా ఒకటి. రాజ్యాంగం రాసేనాటికి ఆ హక్కు జాబితానుంచి జారిపోయింది. 1878 నాటి చట్టం మాత్రం స్వరాజ్యం వచ్చిన తరువాత కూడా పన్నెండేళ్లకు పైగా చట్ట గ్రంథంలో నిలిచింది.

.32 అంటే ఆటబొమ్మ అనుకోనవసరం లేదు. 1928 డిసెంబరు 17న లాహోరులో సాండర్సుపై భగత్ సింగ్ పేల్చిన పిస్తోలు .32 కోల్టు. 1931 ఫిబ్రవరి 27న అలహాబాదు ఆల్‌ఫ్రెడ్ పార్కులో చంద్రశేఖర్ ఆజాద్ చేతిలో చివరివరకు ఉన్నదీ ఆ బోరు కోల్టే. అలహాబాదు మ్యూజియంలో నేటికీ చూడవచ్చు. అమెరికా కంపెనీ దానిని జేబు పిస్తోలు అనే అమ్మేది. ఇక 1948 జనవరి 30న బిర్లా భవనంలో గాంధీజీపై మూడుసార్లు పేలిన బెరెట్టా కూడా దుస్తులలో దాచుకోదగిన చిన్న ఆయుధమే. చిన్న తుపాకి చేసేది చిన్న పని అనుకునేవారికి ఆ ఒక్క తేదీ చాలు.

అయితే నమ్మదగిన జేబు తుపాకి అంటే ఏది? ఈ విద్య తెలిసినవారి వాదమంతా రివాల్వరా, పిస్తోలా అన్న చోటనే మొదలవుతుంది. రివాల్వరులో తూటాలు గుండ్రని చక్రంలో ఉంటాయి. ఒకటి పేలకపోతే ట్రిగ్గరు మరొకసారి నొక్కగానే చక్రం తిరిగి తరువాతి తూటా ఎదురుకు వస్తుంది. ఆలోచించవలసిన పని లేదు. పిస్తోలు పలుచనిది, జేబులో ఉబ్బెత్తుగా కనిపించదు. కాని ఒక తూటా మొరాయించినా, ఖాళీ గుల్ల బయటికి పోక ఇరుక్కున్నా, రెండు చేతులతో పైభాగాన్ని వెనక్కు లాగి సరిచేయాలి. ఒక చేతిని దుండగుడు పట్టుకుని ఉండగా ఇది సాధ్యమా? జేబులోని నూలు పీచు, దుమ్ము, చెమట కూడా పిస్తోలుకే ఎక్కువ చేటు. రివాల్వరుకూ లోపాలు లేకపోలేదు. వెనుక కొక్కెంవలె పొడుచుకువచ్చే హామరు గుడ్డకు తగులుకుంటుంది. ట్రిగ్గరు బరువుగా ఉంటుంది, బిగించి లాగేటప్పుడు గురి పక్కకు పోతుంది.

అంతకంటె మౌలికమైన చిక్కు మరొకటున్నది. తుపాకి ఎంత చిన్నదైతే మోయడం అంత సులువు, పేల్చడం అంత కష్టం. గొట్టం పొట్టిదైతే తూటా వేగం తగ్గుతుంది, గురి చూసే దూరం కుదించుకుపోతుంది. బరువు తగ్గేకొద్దీ చేతిమీద వెనుతన్ను పెరుగుతుంది. అందుచేత చిన్న తుపాకి పట్టినవానికే సాధన ఎక్కువ కావాలి. ఏడాదికి ఎన్ని తూటాలు కొనవచ్చునో మన లైసెన్సు పుస్తకంలోనే రాసి ఉంటుంది. ఆ లెక్కలో సాధనకు మిగిలేది స్వల్పం. తుపాకి నమ్మదగినదే కావచ్చును, పట్టిన చేయి కావద్దా?

పేలవలసినప్పుడు పేలడం ఎంత ముఖ్యమో, పేలకూడనప్పుడు పేలకపోవడమూ అంతే ముఖ్యం. 2024 అక్టోబరు 1న ముంబాయిలో నటుడు, మాజీ పార్లమెంటు సభ్యుడు గోవిందా కాలికి తన లైసెన్సు రివాల్వరు తూటాయే తగిలింది. చేయి జారి కింద పడి పేలిందని అప్పట్లో వచ్చిన వివరణ. పాత నమూనాల రివాల్వరులలో హామరు ఎదుటి గదిని ఖాళీగా ఉంచి మోయడం తెలిసినవారి అలవాటు. జేబులో పెట్టుకునేవారు ట్రిగ్గరును కప్పివేసే తోలు ఒర వాడతారు. తాళంచెవులను, చిల్లరను ఆ జేబులో వేయరు.

ఇక బజారులో దొరికేవేమిటి? 1980ల మధ్యకాలంలో పౌరులకు విదేశీ చేతి తుపాకుల దిగుమతి మూసుకుపోయింది. అంతకుముందు వచ్చిన కోల్టులు, బ్రౌనింగులు, వాల్తరులు చేతులు మారినప్పుడల్లా లక్షల ధర పలుకుతున్నాయి. మిగిలినవి ప్రభుత్వ కర్మాగారాల సరుకు: కాన్పూరు .32 రివాల్వరు, 'అశని' పిస్తోలు, మరికొన్ని. కాన్పూరు రివాల్వరుకు మూలం బ్రిటిషు వెబ్లీ నమూనా, నడుము దగ్గర విరిచి తూటాలు నింపే పాతకాలపు ఏర్పాటు. విచిత్రమేమంటే, ఆ వెబ్లీ కంపెనీయే భారతీయ భాగస్వామితో కలిసి ఉత్తరప్రదేశ్‌లోని సండీలాలో కర్మాగారం పెట్టి .32 రివాల్వరుతోనే శ్రీకారం చుట్టింది. 2021 అక్టోబరులో ఆయుధ కర్మాగారాల బోర్డును ఏడు ప్రభుత్వ కంపెనీలుగా విడగొట్టిన తరువాత, వాటిలో కాన్పూరు కేంద్రంగా ఉన్న కంపెనీ 2023 ఆగస్టులో 'ప్రబల్' అనే రివాల్వరును తెచ్చింది. చక్రం పక్కకు తెరుచుకుంటుంది, బరువు 700 గ్రాములు, 50 మీటర్ల వరకు పనిచేస్తుందని ప్రకటన. జేబు తుపాకి అక్కరకు వచ్చేది నాలుగైదు గజాల దూరంలో. 50 మీటర్ల గొప్ప ఎవరికోసమో తెలియదు.

వీటన్నిటిలో ఎక్కువ చర్చకు పాత్రమైనది 2014 జనవరిలో కాన్పూరు ఫీల్డ్ గన్ కర్మాగారం స్త్రీలకోసమని విడుదల చేసిన 'నిర్భీక్'. 2012 డిసెంబరు 16 రాత్రి ఢిల్లీ బస్సులో జరిగిన ఘోరానికి బలియైన యువతిని దేశం నిర్భయ అన్నది. ఆ పేరుకు పర్యాయపదమే ఈ రివాల్వరు పేరు. టైటానియం మిశ్రమ లోహం, 500 గ్రాముల బరువు, నగల పెట్టెవంటి పెట్టె. ధర 1,22,360 రూపాయలు. చనిపోయిన ఆ యువతి తండ్రి ఢిల్లీ విమానాశ్రయంలో సామాను మోసే కూలి. ప్రభుత్వ కర్మాగారం ఆమె స్మృతిలో చేసిన ఆయుధం ఆమె కుటుంబం కొనగలిగినది కాదు. ఆనాడు ఆమె ఎక్కినది బస్సు, వెంట మిత్రుడొకడు ఉన్నాడు, దాడి చేసినవారు ఆరుగురు. ఆ స్థితిలో సంచిలోని అర్ధకిలో లోహం ఏమి చేయగలిగేదో కర్మాగారంవారు చెప్పలేదు. మహిళా సంఘాలు ఈ ప్రకటనను విమర్శించడానికి కారణం ఇదే: వీధి దీపాలు, రాత్రి బస్సులు, ఫిర్యాదు రాసుకునే పోలీసు ఠాణా ప్రభుత్వ బాధ్యతలు, వాటి బదులు తుపాకి అమ్మడం బాధ్యతను బాధితురాలి సంచిలో వేయడం.

ధర చెల్లించగలిగినా దారి సుగమం కాదు. లైసెన్సుకు పోలీసు నివేదిక కావాలి, శిక్షణ పత్రం కావాలి, ప్రాణభయం ఉన్నదని అధికారిని ఒప్పించాలి. ఏ పోలీసుల రక్షణ చాలదని ఆమె తుపాకి కోరుతున్నదో, ఆ పోలీసులే ఆమె భయం నిజమో కాదో తేల్చి రాయాలి. పలుకుబడి గలవానికి ఈ నివేదిక కష్టం కాదు. కనుకనే ఉత్తరాదిలో లైసెన్సు తుపాకి ఆత్మరక్షణకంటె ఎక్కువగా హోదా చిహ్నమై కూర్చున్నది; పెళ్లి ఊరేగింపులలో సంబరానికి పేల్చడం నేరమని 2019 సవరణలో ప్రత్యేకంగా రాయవలసి వచ్చింది. ఆ సవరణే ఒక్కొక్కరికి మూడు తుపాకుల పరిమితిని రెండుకు దించింది. బిల్లులో మొదట ఉన్నది ఒక్కటే.

లైసెన్సుతో నిమిత్తం లేనివానికి ఏ చిక్కూ లేదు. మీర్ ఖాసిం రాజధానిని ముర్షిదాబాదునుంచి తరలించినప్పటినుంచి ఆయుధాల తయారీకి పేరుమోసిన బీహారు ముంగేరు, పశ్చిమ ఉత్తరప్రదేశ్ పల్లెలు నాటు తపంచాలను తయారు చేస్తూనే ఉన్నాయి. సరిహద్దు ఆవల పెషావరు దగ్గరి దర్రా ఆదం ఖేల్‌లో ప్రపంచంలోని ఏ పిస్తోలుకైనా నకలు దొరుకుతుంది. తపంచాను నమ్మదగిన ఆయుధమని ఎవరూ అనరు. ఎదుటివానితో పాటు పట్టినవాని వేళ్లనూ ఎగురగొట్టగలదు. అయినా మన దేశంలో తుపాకి హత్యలలో అత్యధికభాగం లైసెన్సు లేని ఇటువంటి సరుకుతోనే జరుగుతున్నాయి.

లైసెన్సుదారుకు మరొక విశేషమున్నది. ఎన్నికల ప్రకటన వెలువడగానే తుపాకులను ఠాణాలో అప్పగించవలసిందిగా ఆదేశాలు వస్తాయి. ఎవరి ఆయుధాన్ని తీసుకోవాలో ఒక్కొక్కరి విషయం విడిగా పరిశీలించాలని న్యాయస్థానాలు చెప్పినా, అందరినీ ఒకే గాటకట్టడం పరిపాటి. మన రెండు రాష్ట్రాలలోనూ ఇదే ఆనవాయితీ. రాయలసీమ పల్లెలో ముఠా కక్షలకు భయపడి అప్పుచేసి .32 కొనుక్కున్న చిన్న రైతు, ఊరిలో కక్షలు రాజుకునే సరిగా ఆ నెలా రెండు నెలలలో, రసీదు తీసుకుని ఉత్త చేతులతో ఇంటికి వెళతాడు. నాటు బాంబులకు రసీదు పుస్తకం లేదు.