వార్తల్లో పదం: నెట్ మీటరింగ్

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సీమలో వానకే కరువు, ఎండకు కాదు. ఈ ఊళ్లున్న శ్రీసత్యసాయి జిల్లాలోనే, నంబులపూలకుంటలో ఎన్‌టీపీసీ 250 మెగావాట్ల సౌర కేంద్రం 2016లోనే పూర్తయింది. ఇప్పుడు వంతు ఇంటి మిద్దెలది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం 3 కిలోవాట్ల సోలార్ పలకలకు రూ.78,000 రాయితీ ఇస్తుంది. రోజుకు సుమారు 12 యూనిట్లు వస్తాయి.

చిక్కల్లా వేళలతోనే. పలకలు మధ్యాహ్నం దండిగా ఇస్తాయి. ఇంటి వాడకమేమో రాత్రికి. పగటి మిగులును గ్రిడ్‌కు పంపి, రాత్రి తీసుకున్నదాంట్లో దాన్ని మినహాయించి, తేడాకే బిల్లు వేయడం నెట్ మీటరింగ్. రెండు వైపులా లెక్కించే మీటరు కావాలి. పగలు మరమగ్గం ఆడే ధర్మవరం ఇళ్లు కొంత నయం, పుట్టిన కరెంటు అక్కడే ఖర్చవుతుంది.

చాలామంది కొన్నాకే గ్రహించే సంగతి ఒకటుంది. లైన్‌లో కరెంటు పోతే, ఎండ మండుతున్నా ఇల్లు చీకటే! స్తంభమెక్కిన లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా, పలకల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. బ్యాటరీ పెడితే ఆ బెడద ఉండదు గానీ ఖర్చు పెరుగుతుంది. పైగా పలక 25 డిగ్రీలు దాటి వేడెక్కేకొద్దీ దిగుబడి తగ్గుతుంది, దుమ్ము పేరుకుంటే మరీనూ. కడుగుదామంటే మళ్లీ నీళ్లే కావాలి.