పొగ మాన్పించు నికొటినూ, గుండె భయమూ

గుండెపోటు వచ్చి బ్రతికి బయటపడిన పెద్దమనిషికి వైద్యుడు మొట్టమొదట చెప్పు మాట చుట్ట మానుమనియే. అందులకు సాయముగా నమలుటకు నికొటిను గమ్మునో, చర్మముపై అంటించు పట్టీనో వ్రాసియిచ్చినచో ఇంటివారు సందేహపడుదురు. "పొగాకులోని విషము నికొటినే గదా! దానినే మందని యిచ్చిన, దెబ్బతిన్న గుండె తాళునా?" యని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. కాని ఆ భయముచేత గమ్మును పారవైచి, పదిదినములకు మరల చుట్ట ముట్టించుకొనువారు గలరు. వారికి రాగల అపాయము చాల పెద్దది.

నికొటిను గుండెను ఏమియు చేయదనుట అసత్యము. అది నాడిని వేగపరచును. రక్తపు పోటును కొంత హెచ్చించును. రక్తనాళములను కొంత బిగియించును. అయితే చుట్టగాని బీడీగాని కాల్చునపుడు లోనికి పోవునది నికొటిను ఒక్కటియే కాదు. మండిన ఆకు పొగలో వేలకొలది పదార్థములు గలవు. అందు ముఖ్యమైనది కార్బన్ మోనాక్సైడు అను వాయువు. కుంపటి పెట్టుకొని, తలుపులు మూసి నిద్రించినవారి ప్రాణము తీయునది ఇదియే. రక్తములో ప్రాణవాయువును మోయు ఎఱ్ఱని పదార్థమును ఇది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. ఇక ప్రాణవాయువునకు చోటేది? పొగలోని మఱికొన్ని పదార్థములు ధమనుల లోపొరను చెఱచి, రక్తము గడ్డకట్టు గుణమును పెంచును. గుండెను పోషించు ధమనిలో రక్తము గడ్డకట్టి దారి మూయుటయే సాధారణముగా గుండెపోటు. గమ్ములోను పట్టీలోను మంట లేదు, పొగ లేదు. అందలి నికొటినైనను పొగతోబాటు కొన్ని సెకండ్లలో మెదడున కెక్కునట్లు గాక మెల్లగా ఊరును.

ఈ భయము మన యూళ్లలోనే పుట్టినది కాదు. అమెరికాలో పట్టీలు అమ్మకమునకు వచ్చిన 1992వ సంవత్సరముననే, పట్టీ అంటించుకొని సిగరెట్లు కూడ కాల్చిన కొందరికి గుండెపోటు వచ్చినదని పత్రికలలో వార్తలు వెలువడి, జనులు కలవరపడిరి. వార్త పరుగెత్తినంత వేగముగా విచారణ పరుగెత్తదు గదా! అచ్చటి మాజీ సైనికుల ఆసుపత్రులు పదింటిలో గుండెజబ్బు మొదలగు రోగములు గల 584 మందిని పరీక్షించి, 1996లో ఫలితము ప్రకటించిరి. కొందరికి నికొటిను పట్టీ, తక్కినవారికి మందులేని పట్టీ పదివారములిచ్చిరి. ఎవరి కేది యిచ్చినదియు రోగికి గాని వైద్యునికి గాని తెలియదు. పదునాలుగు వారములలో మరణము, గుండెపోటు, జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరుట వంటివి నికొటిను వారిలో నూటికి 5.4 మందికి, మందులేనివారిలో 7.9 మందికి కలిగెను. దీనినిబట్టి పట్టీ గుండెను కాపాడునని చెప్పరాదు; కీడు హెచ్చినట్లు కనబడలేదని మాత్రము చెప్పవచ్చును. అప్పటికి పొగ మానినవారు మొదటి జట్టులో నూటికి 21, రెండవదానిలో 9. ఇరువదినాలుగవ వారమునకు అది 14, 11గా దిగెను. పట్టీ తీసివేసిన పిదప ఇంటివారి తోడు ఎంత యవసరమో దీనివలన తెలియుచున్నది.

1997లో ప్రకటింపబడిన మఱియొక పరీక్ష ఇంకను విచిత్రమైనది. ధమనులు పూడిన 36 మంది పురుషులకు పట్టీ లిచ్చిరి. వారు సిగరెట్లను చాలవరకు తగ్గించిరి గాని పూర్తిగా మానలేదు. రక్తములో నికొటిను పెరిగెను. అయినను శ్రమపడునపుడు గుండెలో రక్తము చాలని భాగము తగ్గెను. పొగవాయువు తగ్గుటయే కారణమని పరీక్షకుల యభిప్రాయము. ఈ పరీక్షలు సిగరెట్టు కాల్చువారిపై జరిగినవి, చుట్టపై కాదు. కాని మండిన ఆకు పొగ యెందైనను పొగయే.

ఇక జాగ్రత్తలు. గుండెపోటు వచ్చి రెండువారములు కానివారును, గుండె లయతప్పి కొట్టుకొనువారును, నొప్పి నానాటికి ముదురుచున్నవారును వైద్యుని యనుమతి లేక వీనిని వాడరాదు. గమ్మును తాంబూలమువలె నమలి రసము మ్రింగరాదు. మెల్లగా నమలి, ఘాటు తగులగానే బుగ్గకును చిగురునకును నడుమ నుంచి, ఘాటు తగ్గినపిదప మరల నమలవలెను. అందులకు పావుగంట ముందునుండి కాఫీ త్రాగరాదు. నిద్రలేచిన అరగంటలోపల మొదటి పొగ పీల్చువారికి 4 మిల్లీగ్రాముల బిళ్ల, తక్కినవారికి 2 మిల్లీగ్రాములది తగును. నశ్యము, ఖైనీ వీనికి బదులు కావు. వానిలో కొలత లేదు, ఖైనీవలన నోటి పుండు భయమును గలదు. వాడిన పట్టీని మడిచి, పసిపిల్లల చేతికి అందనిచోట పారవేయవలెను; అందు నికొటిను ఇంకను మిగిలియుండును.