గెనిమ మీద ‘4’ పడిందా?

ఉపగ్రహం చూపిన హద్దును నమ్మే ముందు రైతు అడగాల్సిన అంకె

ఈ వారం ఎడిటర్ అడిగింది ‘గగన్’ గురించి. ఉపగ్రహ సంకేతాల్లోని తప్పులు దిద్ది విమానాలకు దారి చూపే మన దేశపు వ్యవస్థ అది. కానీ కర్నూలు, కడప పల్లెల్లో ఎక్కువమందికి తగిలే దిద్దుబాటు, భూముల రీసర్వేలో ఉపగ్రహ సంకేతాలతో హద్దులు కొలిచే రోవర్‌ది. అందుకే గగన్‌ని బాక్సులోకి పంపి, రోవర్ పంపే ఒకే ఒక్క వరుస వెంటపడ్డాను.

ఆ వరుస పేరు ‘జీజీఏ’. సర్వేయర్ రోవర్ కర్రను హద్దు రాయి మీద నిలబెట్టగానే మొబైల్ నెట్‌వర్క్ మీదుగా కంట్రోల్ కేంద్రానికి వెళ్తుంది. కామాలతో విడదీసిన అంకెలు. ముందు సమయం, అదీ గ్రీనిచ్ లెక్కన: మన ఉదయం పది గంటలు అందులో 0430. తర్వాత అక్షాంశం: 1428తో మొదలైతే కడప చుట్టుపక్కల, 1549 అయితే కర్నూలు. రేఖాంశం దాటాక వచ్చే ఒంటి అంకెలోనే అసలు సంగతంతా ఉంది.

అది 1 అయితే దిద్దుబాటు అందలేదు, తేడా మీటర్లలో ఉంటుంది. 5 అయితే ‘ఫ్లోట్’, లెక్క ఇంకా తేలలేదు. 4 అయితే ‘ఫిక్స్’, తేడా కొన్ని సెంటీమీటర్లకు దిగినట్టు. వంద మీటర్ల గెనిమ అయిదు మీటర్లు జరిగితే పన్నెండు సెంట్లు పోతాయి. అయిదు సెంటీమీటర్లే జరిగితే పోయేది సెంటులో ఎనిమిదో వంతు.

1 ఎలా 4 అవుతుంది? కేంద్రం రోవర్ వరుస చదివి, చుట్టూ ఉన్న బేస్ స్టేషన్ల లెక్కలతో ఆ చేని పక్కనే ఒక స్టేషన్ ఉన్నట్టుగా దిద్దుబాటు తయారుచేసి పంపుతుంది. ప్రధాన జీపీఎస్ సంకేతపు అల పొడవు 19 సెంటీమీటర్లు. ఉపగ్రహానికీ రోవర్‌కూ మధ్య ఎన్ని నిండు అలలున్నాయో తేలితే, మిగిలిన ముక్కను మిల్లీమీటర్లలో కొలవొచ్చు. ఆ సంఖ్య తేలడమే ఫిక్స్. చింతచెట్టు కిందో ఇంటి గోడ పక్కనో సంకేతం తగిలి తిరిగొస్తే తప్పు సంఖ్యకే ఫిక్స్ పడొచ్చు. అందుకే కాసేపాగి, మొదటినుంచి మళ్లీ కొలిచి రెండూ పోల్చాలి.

మన సీమకు ఇంకో చిక్కుంది. మనం అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గర. పైనున్న అయనావరణం ఇక్కడ ఎక్కువ కలత పడుతుంది. మార్చి, సెప్టెంబరుల చుట్టూ పొద్దుగుంకాక అందులో లేచే బుడగలు సంకేతాలను చెదరగొడతాయి. గాదంకిలోని ఎంఎస్‌టీ రాడార్ ఈ కలతల్నీ గమనించింది. 2024 మే సౌర తుపానుకు అయనావరణం చెదిరి, అమెరికాలో విత్తనాలేసే ట్రాక్టర్లు దారి తప్పి, పనులు ఆగాయి.

చరిత్ర క్లుప్తంగా: 1800లో దత్తమండలాలకు వచ్చిన కలెక్టర్ థామస్ మన్రో శిస్తు కోసం చేలు కొలిపించాడు. 1802లో మద్రాసులో మొదలైన లాంబ్టన్ త్రికోణమితి సర్వే 1811కి గుత్తి దగ్గర ఆధారరేఖ కొలిచింది. తర్వాత చాలాకాలం 66 అడుగుల, 100 లింకుల గొలుసే. 2020 డిసెంబరు 21న రాష్ట్రంలో రీసర్వే మొదలైంది. సర్వే ఆఫ్ ఇండియాతో కలిసి 70 బేస్ స్టేషన్లు అనుకున్నారు. 2024లో ప్రభుత్వం మారాక రీసర్వే ఆగి, 2025లో మళ్లీ కదిలింది.

బాక్స్: గగన్
ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి కట్టాయి. దేశంలోని 15 రిఫరెన్స్ స్టేషన్లు తప్పుల్ని లెక్కగడితే, దిద్దుబాటు జీశాట్ ఉపగ్రహాల మీదుగా విమానానికి చేరుతుంది. 2022 ఏప్రిల్ 28న ఇండిగో ఏటీఆర్ ఒకటి గగన్ సాయంతో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో దిగింది.

బాక్స్: నేలే జరిగితే?
భారత ఫలకం ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతుంది. పదేళ్లకు అర మీటరు. చేను, పక్క చేను, బేస్ స్టేషన్ కలిసే జరుగుతాయి కాబట్టి గెనిమలు చెదరవు. కానీ అక్షాంశ రేఖాంశాలు ఏ ఏటి లెక్కవో రాసి ఉంచాలి.

ఇక నా మాట. రోవర్ మీద నాకు నమ్మకముంది. ‘శాటిలైటే చెప్పింది’ అని రైతు నోరు మూయించడం మీద లేదు. రాయి ఎక్కడుందో రోవర్ చెబుతుంది. అది అక్కడే ఉండాలా అన్నది పాత ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) చూసి, పక్క చేని రైతును నిలబెట్టి మనుషులు తేల్చాలి. రీసర్వేలో విస్తీర్ణం తగ్గిందని రైతులు ఇచ్చిన అర్జీల్లో తప్పు రోవర్ కొలతలో జరిగిందో, మనుషుల తీర్పులో జరిగిందో తేలాలంటే ఆధారం కావాలి. ఆ ఆధారం రోవర్ దగ్గర ఎప్పుడో పుట్టింది. ప్రతి మూల దగ్గర పడిన అంకె, కొలిచిన సమయం, రెండోసారి కొలిస్తే వచ్చిన తేడా ల్యాండ్ పార్సెల్ మ్యాప్ వెనక అచ్చేసి ఇవ్వాలి. అప్పుడు తహసీల్దారు ముందు నిలబడిన రైతు తన చేని కొలతను తానే ప్రశ్నించగలడు.