బరువొక్కటే చూస్తే చాలదు!

ఆడవారికి బీఎంఐ ఎంత ఉండాలి... నడుము కొలత ఎందుకు?

"పెళ్లికి ముందు పుల్లలా ఉండేది. ఇప్పుడు చూడు, ఎలా ఒళ్లు చేసిందో!" పేరంటాల్లోనో, పెళ్లి భోజనాల దగ్గరో ఈ మాట వినపడని ఊరు లేదు. హోసూరైనా, బళ్లారైనా, బరంపురమైనా, షోలాపూరైనా, యానామైనా తెలుగువారి ఇళ్లలో ఆడవారి బరువును కంటితోనే తూస్తారు. బొద్దుగా ఉంటే ఆరోగ్యమంటారు. సన్నగా ఉంటే "అత్తారింట్లో తిండి పెట్టడం లేదా?" అని అడుగుతారు. నిజంగా తూకం వేసేది మాత్రం చాలామందికి కడుపుతో ఉన్నప్పుడే. కాన్పయ్యాక ఆ కార్డు బీరువాలోకి వెళ్లిపోతుంది. మళ్లీ తూకం ఎక్కేసరికి చక్కెర జబ్బో, రక్తపోటో వచ్చి కూర్చుంటుంది.

ఈ మధ్యకాలంలో ఎవరికి వారు చూసుకోదగ్గ లెక్కలు రెండున్నాయి. ఒకటి బీఎంఐ, రెండోది నడుము చుట్టుకొలత. రెండింటికీ పైసా ఖర్చు లేదు.

లెక్క ఇదీ...

బీఎంఐ అంటే బాడీ మాస్ ఇండెక్స్. ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె. బెల్జియం గణిత శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే 19వ శతాబ్దంలో ఈ లెక్క కట్టారు. అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ 1972లో దీనికి ఇప్పటి పేరు పెట్టారు. కిలోల్లో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ.

ఉదాహరణకు ఒకామె ఎత్తు అయిదడుగులు, అంటే 1.52 మీటర్లు. బరువు 56 కిలోలు. 56ను 1.52తో ఒకసారి, వచ్చినదాన్ని మళ్లీ 1.52తో భాగిస్తే 24.2 వస్తుంది. సెల్‌ఫోన్లోని కాలిక్యులేటరుతో అర నిమిషం పని.

23 దాటితే జాగ్రత్త

ప్రపంచమంతటికీ వాడే పట్టిక ప్రకారం 18.5 నుంచి 24.9 వరకు సరైన బరువే. ఆ లెక్కన పైన చెప్పినామెకు ఢోకా లేదు. కానీ భారతీయుల సంగతి వేరు. మనవాళ్లకు తక్కువ బరువులోనే చక్కెర జబ్బు, గుండె జబ్బు వస్తున్నాయి. అందుకే 2009లో మన దేశ వైద్య నిపుణులు గీతను కిందికి జరిపారు. 23 దాటితే అధిక బరువు, 25కు చేరితే స్థూలకాయం అన్నారు. ఈ లెక్కలో ఆమె ఇప్పటికే గీత దాటేసింది. ఆ సంగతి ఆమెకు తెలియదు, అంతే!

ఇలా ఎందుకన్నదానికి 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఒక ఫొటో మంచి జవాబు. అందులో ఇద్దరు డాక్టర్లు పక్కపక్కన నిల్చున్నారు. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ 22.3. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతమైతే, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. పైకి సన్నగా కనపడే మనవాళ్లలో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. అదీ పొట్ట దగ్గరే చేరుతుంది.

కుట్టుమిషను టేపు చాలు

అందుకే బీఎంఐ ఒక్కటే నమ్ముకోవద్దంటున్నారు వైద్యులు. 2025 జనవరిలో వెలువడిన కొత్త భారతీయ మార్గదర్శకాలూ బీఎంఐతో పాటు నడుము కొలత చూడాలనే చెప్పాయి. ఆడవారి నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు, అంటే ముప్ఫై ఒకటిన్నర అంగుళాలు దాటకూడదు. కుట్టుమిషను సొరుగులోని టేపు చాలు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన, పొట్ట లోపలికి లాగకుండా, ఊపిరి వదిలాక కొలవాలి. చీరకట్టు మీద కాదు, ఒంటి మీదే.

ముప్ఫై ఏళ్లు దాటినవారి కోసం ఆశా కార్యకర్త నింపే ఆరోగ్య పత్రంలోనూ ఈ ప్రశ్న ఉంది. ఆడవారికి 80 వరకు సున్నా, 81 నుంచి 90 వరకు ఒకటి, ఆపైన రెండు మార్కులు వేస్తారు. పత్రం కన్నడంలో ఉన్నా, తమిళంలో ఉన్నా, ఒడియాలో ఉన్నా లెక్క ఒక్కటే. చదవడం రాకపోతే "నా నడుము ఎంత వచ్చింది?" అని అడిగి తెలుసుకోవడంలో నామోషీ లేదు.

రెండు వైపులా కష్టమే

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 15 నుంచి 49 ఏళ్ల ఆడవారిని తూచింది. బీఎంఐ 25 దాటినవారు తమిళనాడులో 40.4 శాతం, కర్ణాటకలో 30.1, మహారాష్ట్రలో 23.4, ఒడిశాలో 23 శాతం. యానాం ఉన్న పుదుచ్చేరిలో ఏకంగా 46.2 శాతం. 23 గీత పెట్టి చూస్తే ఈ లెక్కలు ఇంకా పెరుగుతాయి.

అలాగని సన్నగా ఉన్నవారంతా క్షేమమనీ కాదు. 18.5 కన్నా తక్కువ ఉన్నవారు ఒడిశా, మహారాష్ట్రల్లో 20.8 శాతం చొప్పున, కర్ణాటకలో 17.2 శాతం ఉన్నారు. అందరికీ వడ్డించి, మిగిలింది తినే అలవాటు ఇంకా పోలేదు. బరువు చాలని తల్లికి తక్కువ బరువు బిడ్డ పుట్టే ప్రమాదం ఎక్కువ. రక్తహీనతా తోడైతే కాన్పు మరింత కష్టం. ఒకే ఇంట్లో అత్తకు బరువు తగ్గాలి, కోడలికి పెరగాలి అనే పరిస్థితి వింతేమీ కాదు.

ఏం చేయాలి?

"ఇంటి చాకిరంతా చేస్తున్నాం, ఇంకా నడకెందుకు?" అని అడిగేవారున్నారు. రోలు పోయి మిక్సీ వచ్చింది. బావి పోయి కుళాయి వచ్చింది. షోలాపూరులో బీడీలు చుట్టే తెలుగు మహిళలైనా, మిషను కుట్టేవారైనా గంటల తరబడి కూర్చునే పని. చేతులు అలుస్తాయి గానీ ఒళ్లు కదలదు. కాస్త ఆయాసం వచ్చేలా రోజుకు అరగంట, వారానికి అయిదు రోజులు నడవాలి.

రాత్రి తిండి మానేసి, మర్నాడు రెట్టింపు తింటే ఫలితం లేదు. రాగి సంగటి, జొన్నరొట్టె మంచివే. అయితే సంగటైనా కొలత దాటితే బరువు పెంచుతుంది. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలి. పప్పో, గుడ్డో, చేపో రోజూ ఉండాలి. వారానికి అరకిలో చొప్పున తగ్గితే చాలు. 60 కిలోలున్నవారు మూడు కిలోలు తగ్గినా రక్తంలో చక్కెర అదుపుకు మేలే.

ఉన్నట్టుండి బరువు పెరిగినా, తగ్గినా, నెలసరి తప్పుతున్నా థైరాయిడ్, పీసీఓఎస్ పరీక్షల కోసం డాక్టరును కలవాలి. నలభై అయిదు దాటి నెలసరి ఆగే వయసులో కొవ్వు నడుము దగ్గరికి చేరుతుంది. అప్పుడు తూకం మారకపోయినా టేపు మారుతుంది. గర్భిణులకు, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఈ బీఎంఐ పట్టిక వర్తించదు. వారి లెక్కలు వేరే.

ఎత్తుకు తగ్గ బరువు (ఆడవారికి, బీఎంఐ 18.5 నుంచి 23 వరకు)

* 4 అడుగుల 10 అంగుళాలు: 40 నుంచి 50 కిలోలు
* 5 అడుగులు: 43 నుంచి 53 కిలోలు
* 5 అడుగుల 2 అంగుళాలు: 46 నుంచి 57 కిలోలు
* 5 అడుగుల 4 అంగుళాలు: 49 నుంచి 61 కిలోలు

నడుము: ఎత్తు ఎంతైనా 80 సెంటీమీటర్ల లోపే. మూడు నెలలకోసారి కొలిచి, క్యాలెండరు మీద పాలలెక్క పక్కనే రాసుకుంటే సరి.